తిరిగి రావలసిన సుడులు

వాయుప్రవాహ పరిశోధన సంస్థ క్యాంటీన్‌లో నిలువు ఫ్యాను ఒకటి పోయింది. ఎవరు పట్టుకుపోయారో, ఎటు పట్టుకుపోయారో తెలియలేదు. గాలి మీదే బతికే సంస్థలో గాలిచ్చే వస్తువు పోవడం పరువు తక్కువ సంగతి అని డైరెక్టరు విశ్వంభరరావుగారికి తోచింది. సైన్యంలో సుబేదారుగా పనిచేసి వచ్చిన గవర్రాజుగారిని సెక్యూరిటీ ఆఫీసరుగా వేయించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన వచ్చిన వారానికే ఒక సర్క్యులర్ వెలువడింది.

“సంస్థ ఆవరణలో కొనబడినది గాని, తయారు చేయబడినది గాని, ఏ వస్తువైనను, ఏ రూపమున ఉన్నను, గేట్ పాస్ లేనిదే ఆవరణ దాటిపోరాదు. ఈ నిబంధనకు మినహాయింపు లేదు.”

అందరూ చదివారు, సంతకం పెట్టారు, మర్చిపోయారు. హైమవతి మాత్రం మర్చిపోలేదు. ఆమెకు భయం ఎక్కువ. ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా ఈ నిబంధన కిందికి వస్తుందేమోనని రెండు రోజులు సాయంత్రం పూట గేటు దగ్గర మూత తీసి చూపించింది. గవర్రాజుగారు డబ్బాలోకి గంభీరంగా చూసి, “పోనీయండి మేడమ్” అన్నారు.

హైమవతి ఆ సంస్థలో సీనియర్ సైంటిస్టు. ఈ నెలాఖరుకు రిటైరవుతోంది. ఆమె పని గాలి సొరంగంలో. సొరంగం అంటే లారీ పట్టేంత వెడల్పున్న పొడుగాటి గొట్టం. ఒక కొసన పెద్ద పెద్ద ఫ్యాన్లు గాలిని లోపలికి తోస్తాయి. ఆ గాలి రెండో కొస నుంచి ప్రహరీ అవతలి జీడితోటలోకి పోతుంది. మధ్యలో చేటంత రెక్కలున్న బుల్లి హెలికాప్టర్ నమూనా తిరుగుతుంటుంది. సన్నగా పొగ వదిలితే కంటికి కనబడని గాలి కనబడుతుంది. రెక్క కొస దగ్గర గాలి చుట్ట చుట్టుకుని, సుడి అయి, విప్పిన జడలా వెనక్కి సాగిపోతుంది.

“రెక్క దాన్ని వదిలేసి తన దోవన తాను పోయాననుకుంటుంది. కానీ వెనక వచ్చే రెక్క సరిగ్గా వెళ్ళి దానికే కొట్టుకుంటుంది. హెలికాప్టర్ టపటపలో చాలా భాగం ఆ తగులుడే. వదిలేసిందేదీ వెంటనే పోదు” అని ఆమె కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది. చెప్పినప్పుడల్లా కళ్ళజోడు తీసి తుడుచుకునేది.

ఆమెకు తేలవలసిన ప్రశ్న ఒకటే. హెలికాప్టర్ నేలకు దిగుతుంటే మనుషులు ఎంత దూరంలో నిలబడాలి? ఆమె పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తుఫాను వచ్చింది. బడి ఆవరణలో తలదాచుకున్నవాళ్ళకి అన్నం పొట్లాలు వెయ్యడానికి హెలికాప్టర్ బాగా కిందికి దిగింది. ఆ గాలికి కప్పు రేకులు లేచిపోయాయి, జనం చెల్లాచెదురయ్యారు. ఆమె చేతిలో ఉన్న చెల్లెలు వకుళ చెయ్యి జారిపోయింది. సాయంత్రానికల్లా వకుళ దొరికింది. మోచేతి మీద చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. దొరికింది కదా అని అందరూ ఆ సంగతి వదిలేశారు. హైమవతి మాత్రం ఇన్నేళ్ళు వచ్చినా రోడ్డు దాటేటప్పుడు చెల్లెలి మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకుంటుంది.

ప్రయోగం దాదాపు అయిపోయింది. నేల దగ్గర కొలత ఒక్కటి మిగిలింది. అది తేలితే దూరం తేలుతుంది. తేలకపోతే ఆమె వెళ్ళిపోయిన మర్నాడే ఆ నమూనాను విప్పి గోనెసంచిలో కట్టి స్టోర్లో పడేస్తారు. ఆమె తర్వాత రాబోయే ఆయనకు హెలికాప్టర్లంటే చులకన.

ఆ కొలత మొదలుపెట్టిన రోజునే గవర్రాజుగారు సొరంగం తనిఖీకి వచ్చారు.

చేతులు వెనక్కి కట్టుకుని అద్దంలోంచి చూశారు. తెల్లటి సుడులు ఒకదాని వెనక ఒకటి సాగిపోతున్నాయి.

“ఇవేంటండీ మేడమ్?”

“సుడులండీ.”

“ఎవరు చేస్తున్నారు?”

“మా రోటరేనండీ, ఆ తిరిగే రెక్కలు.”

“అంటే ఇక్కడే తయారవుతున్నాయి.” ఆయన మీసం సవరించుకున్నారు. “తయారయ్యాక ఎక్కడికి పోతాయండీ?”

హైమవతికి అబద్ధం చెప్పడం చేతకాదు. పైగా అవతలివాడు యూనిఫాంలో ఉన్నాడు. “బయటికి” అంది.

సొరంగం ఆపరేటర్ కూర్మారావు వెనక నించి గట్టిగా దగ్గాడు. ఆలస్యమైపోయింది. గవర్రాజుగారు అప్పటికే రెండో కొసకు నడిచారు. ఊచల్లోంచి జీడితోట కనబడింది. గాలికి జీడాకులు ఎగురుతున్నాయి.

“రోజూనా?”

“సొరంగం ఆడినప్పుడల్లా.”

“ఎన్నేళ్ళ నుంచి?”

ఆమె లెక్క చెప్పేలోగా ఆయన జేబులోంచి ఈల తీసి ఊదారు. ఇద్దరు గార్డులు పరుగున వచ్చారు. మధ్యాహ్నానికి సొరంగం వెనక షట్టరు దించి, తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, లక్క సీలు కొట్టారు.

“ఇదేటి బాబూ!” అన్నాడు కూర్మారావు. “ఎనకాల మూసీసినాక ముందల గాలేటి అవుద్ది?”

“లోపలే ఉంటుంది. ఆర్డరంటే ఆర్డరేనండి” అన్నారు గవర్రాజుగారు.

హైమవతి డైరెక్టరుగారి దగ్గరికి పరుగెత్తింది. ఆ గదిలో అప్పటికే పరిపాలనాధికారి ఉమాకాంతంగారు ఉన్నారు. ఆయన మాట్లాడేటప్పుడు కూడా పేరా నంబర్లు వేసినట్టు ఆగి ఆగి మాట్లాడతారు.

“సార్, సుడి వస్తువు కాదు. గాలి తిరగడం. అంతే” అంది హైమవతి.

విశ్వంభరరావుగారు కళ్ళు మూసుకుని తెరిచారు. “హైమవతిగారూ, మీరు విజ్ఞాన దృక్కోణంలోంచి మాట్లాడుతున్నారు. అది వ్యక్తిగతం. సంస్థాగత దృక్కోణం వేరు. కిందటేడు వార్షిక నివేదికలో మనం ఏం రాశాం ఉమాకాంతంగారూ?”

“సంస్థ ఈ సంవత్సరము కోట్లాది సుడులను ఉత్పత్తి చేసి, దేశంలోనే అగ్రస్థానమున నిలిచినది.”

“విన్నారా? ఉత్పత్తి చేశాం అని మనమే రాశాం. దాని మీద అవార్డు కూడా తీసుకున్నాం. ఉత్పత్తి అయిన సరుకు స్టోర్లో ఉండాలి, లేదా గేట్ పాస్ మీద బయటికి పోవాలి. మూడో దారి లేదు. రేపు ఆడిట్ వాళ్ళు వచ్చి, కోట్ల సుడులేవయ్యా అని అడిగితే, జీడితోటలోకి పోయాయని చెప్పమంటారా? ఆ తోట ఎవరిదో కూడా మనకి తెలియదు.”

“పోనీ నివేదికలో ఉత్పత్తి అన్న మాట దిద్దుదాం సార్.”

“అవార్డు వెనక్కి ఇచ్చేద్దామంటారా?” డైరెక్టరుగారు నొచ్చుకున్నారు.

దాంతో ఒక కమిటీ ఏర్పడింది. సుడుల నిల్వకు గల అవకాశాలను అది పరిశీలించింది. ఒక సభ్యుడు దోమతెరలాంటిది కట్టమన్నాడు. ఇంకొకడు సుడులను కోల్డ్ స్టోరేజీలో ఉంచితే నెమ్మదిస్తాయన్నాడు. మూడో ఆయన రోటరును వెనక్కి తిప్పితే పోయిన సుడులు తిరిగి రెక్కలోకి చేరతాయేమో చూడమన్నాడు. ఆయన లెక్కల శాఖ నుంచి వచ్చినవాడు. ఏ అవకాశమూ బడ్జెట్‌లో పట్టలేదు. కాబట్టి సుడులను గౌరవంగా, గేట్ పాస్ మీద బయటికి పంపడమే శ్రేయస్కరమని కమిటీ తీర్మానించింది.

గేట్ పాస్ ఫారం ఉమాకాంతంగారే తెచ్చారు. “వస్తువు పేరు?”

“సుడులు.”

“రంగు?”

“రంగుండదు. పొగ వదిలితే తెలుపు.”

“తెలుపు. గుర్తుపట్టుటకు ఆనవాలు?”

“ఎడమవైపు తిరుగుతాయి.”

“బాగుంది. చివరి ప్రశ్న. తిరిగి వచ్చునవా? తిరిగి రానివా?”

హైమవతి కలం ఆగిపోయింది. ఎందుకో ఆ ప్రశ్న ఆమెను ఇదివరకు ఎవరో అడిగినట్టుంది. “తిరిగి రావండీ. పోతే పోవడమే” అంది మెల్లగా.

ఉమాకాంతంగారు కలం కింద పెట్టేశారు. “అమ్మా, ఆలోచించుకోండి. తిరిగి రానివి అంటే, అవి ఎందుకూ పనికిరానివని నిరుపయోగ నిర్ధారణ సంఘం తేల్చాలి. ఆ సంఘం ఆరునెలలకొకసారి కూర్చుంటుంది. మొన్ననే కూర్చుని లేచింది. తిరిగి వచ్చునవి అన్నారనుకోండి, గవర్రాజుగారి సంతకం చాలు. ఇప్పుడే పంపుకోవచ్చు. ఈ సంస్థలో స్పానరు కాడి నుంచి సోఫా దాకా అన్నీ తిరిగి వచ్చునవి కిందే పోయాయి.”

“వచ్చాయా?”

“అది వేరే ఫైలు.”

నెలాఖరు తరుముకొస్తోంది. ఆమె ‘తిరిగి వచ్చునవి’ దగ్గర టిక్కు పెట్టింది. ఎప్పటికి వస్తాయి అన్నచోట, అందరూ రాసినట్టే, నెలాఖరు తేదీ వేసింది.

సంతకం పెట్టేముందు గవర్రాజుగారు ఒక షరతు పెట్టారు. పాస్ మీద పోయేది ఏదైనా మెయిన్ గేటు నుంచే పోవాలి. వెనక ఊచల్లోంచి పోతే దాన్ని దొంగతనం అంటారు. అందుకని షామియానాలు కుట్టే షాపు ఆయన్ని పిలిపించి, సొరంగం వెనక నుంచి మెయిన్ గేటు దాకా గుడ్డ గొట్టం కుట్టించారు. ఎరుపూ పసుపూ చారలతో, అక్కడక్కడా బంగారు రంగు కుచ్చులతో, అది క్యాంటీన్ ముందు నుంచి, డైరెక్టరుగారి కిటికీ కింద నుంచి, సైకిల్ స్టాండ్ మధ్యలోంచి కొండచిలువలా పాకి గేటు దగ్గర నోరు తెరిచింది. ఆ నోటి ముందు ఇద్దరు గార్డులు.

వెనక షట్టరు సీలు తీసి సొరంగం ఆడించారు. గొట్టం బుసకొట్టి ఉబ్బింది. గార్డుల టోపీలు రోడ్డు దాటి పోయాయి.

“టోపీలకి పాసు లేదు!” అని గవర్రాజుగారు కేకపెట్టారు.

ఒక గార్డు పరుగెత్తాడు. రెండోవాడు అరచేతులు చాపి, వచ్చిన ప్రతి గాలినీ తడిమి తడిమి వదులుతున్నాడు. మధ్యలో ఒకసారి అన్నీ ఆపేశాడు. ఆ పూట క్యాంటీన్‌లో వంకాయ వేపుడు. ఆ వాసన గొట్టం కుట్టులోంచి దూరి సుడులతో పాటు వచ్చేసింది. క్యాంటీన్ సరుకు దొంగతనంగా పోతోందని వాడి అనుమానం. దాని మీద గంటసేపు విచారణ జరిగింది.

“మేడమ్, నాకొక సందేహం” అన్నాడు కూర్మారావు సొరంగం దగ్గర, పనిలేక కూర్చుని. “ఈ సుడులు నెలాకరికి తిరిగొచ్చీయాలని రాసినారు గదా. ఎలాగొత్తాయి?”

“రావు కూర్మారావూ. అదంతా కాగితం మీద మాట.”

“ఈ ఆఫీసులో కాగితం మీద నేని మాట ఏటున్నాది మేడమ్? నాకైతే బయ్యంగా ఉన్నాది.”

అతను అన్నట్టే అయింది. నెలాఖరుకు ఇంకా వారం ఉండగా హైమవతికి మెమో వచ్చింది. ఆమె పేరిట బయటికి పోయిన సుడులలో ఒక్కటి కూడా ఇంతవరకు తిరిగి రాలేదు. అవి వచ్చేదాకా కొత్త సుడులు ఇవ్వబడవు. సొరంగం ఆపివేయబడినది. అన్నిటికన్నా కింద చిన్నగా, సుడులు తిరిగి చేరనిచో ఆమెను సర్వీసు నుంచి విడుదల చేయుట సాధ్యపడదు.

హైమవతి ఆ మెమో పట్టుకుని బల్ల ముందు చాలాసేపు కూర్చుంది. కొలత మిగిలిపోయింది. అదే ఆమె గుండెల్లో రాయి. ఉండనిచ్చి, కొలవనివ్వకుండా కూర్చోబెట్టడం ఏం ఉండడం?

ఫోన్ మోగింది. వకుళ.

“ఏమే అక్కా, ఒకటో తారీఖుకి వచ్చేస్తున్నావుగా? వీధి గది సున్నం వేయించాను. కిటికీ తలుపు రాదే, తన్ని తీయాలి. వస్తున్నావా లేదా?”

“నా సుడులు వస్తేగానీ నన్ను వదలరట.”

“ఎవరొస్తే?”

“పోయిన గాలి.”

“అక్కా, నువ్వు వేళకి తింటున్నావా?” అంది వకుళ.

ఉమాకాంతంగారు సలహా ఇచ్చారు, వస్తువు పోతే పోలీసు రిపోర్టు ఉంటే ఫైలు కదులుతుందని. హైమవతి స్టేషన్‌కి వెళ్ళింది. ఎస్సై మంచివాడు. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు.

“పోయినవాళ్ళు ఆఖరిసారి ఎలా ఉన్నారమ్మా?”

“తెల్లగా. ఎడమవైపు తిరుగుతూ.”

“ఇంట్లో ఏమైనా గొడవా?”

“లేదండీ. వాటి స్వభావమే అంత. పుట్టగానే వెళ్ళిపోతాయి.”

ఎస్సై నిట్టూర్చాడు. “ఇవాళ రేపు అందరి పిల్లలూ అంతేనమ్మా. నెలాఖరుదాకా చూడండి. డబ్బులైపోతే వాళ్ళే వస్తారు.”

ఇంతలో సంస్థకు మహా ఉత్సాహం వచ్చిపడింది. గుడ్డ గొట్టం ఫోటో ఎవరో పైకి పంపారు. సుడుల నిష్క్రమణను క్రమబద్ధం చేసిన సంస్థ ఆసియాలో ఇదొక్కటేనని పైవాళ్ళు మెచ్చుకున్నారు. నెలాఖరు రోజున పాలకమండలి ఛైర్మన్‌గారు స్వయంగా వచ్చి గొట్టాన్ని జాతికి అంకితం చేస్తారు. హెలికాప్టర్‌లో వస్తారు. గేటు లోపల వాలీబాల్ కోర్టులో దిగుతారు. కోర్టు పక్కనే, ఆయన నాలుగడుగులు నడిస్తే చాలేట్టుగా, పందిరి. ఒకే పందిరిలో ఖర్చు కలిసి వస్తుందని, హైమవతి వీడ్కోలు సభ కూడా అక్కడే.

“విడుదల లేదన్నారుగా సార్, వీడ్కోలు ఎలా?” అంది హైమవతి.

“వీడ్కోలు వేరు, విడుదల వేరు. శాలువా కొనేశాం” అన్నారు డైరెక్టరుగారు. “మీకు వీడ్కోలు ఇస్తాం. మీరు మర్నాడు యథావిధిగా డ్యూటీకి వస్తారు.”

“సార్, అది కాదు.” ఆమె బల్ల దగ్గరికి జరిగింది. “పందిరి మరీ దగ్గర. హెలికాప్టర్ దిగుతుంటే రెక్కల కింది గాలి నేలకు కొట్టుకుని నాలుగువైపులా పాకుతుంది. సుడులు దాంతోపాటే దొర్లుకుంటూ వస్తాయి. ముందు వరుసలో మన కళాసీ పనివాళ్ళ పిల్లలు పూలబుట్టలతో నిలబడతారట. ఎవరైనా పడిపోతారు సార్.”

“ఎంత దూరం ఉండాలంటారు?”

“అదే కదా సార్ తేలలేదు. సొరంగం ఆపేశారు కదా.”

విశ్వంభరరావుగారు జాలిగా నవ్వారు. “చూశారా? పూర్తికాని ప్రయోగ ఫలితాన్ని సంస్థ గుర్తించజాలదు. ఇది మీరు నేర్పిన క్రమశిక్షణే. ప్రయోగం పూర్తయ్యాక రండి, పందిరి జరుపుదాం.”

ఆమె బయటికొచ్చి వరండాలో స్తంభం పట్టుకుని నిలబడింది. పూలబుట్ట పట్టుకున్న పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రిహార్సలు చేస్తున్నారు. ఆమె అటు చూడలేకపోయింది. కాసేపటికి కూర్మారావును పిలిచింది.

“కుర్చీలు నువ్వేనా వేయించేది?”

“నానే మేడమ్.”

“టేపు పట్టుకుని వేయించు. కోర్టు నడిమధ్య నుంచి కొలిచి, వరుసకీ వరుసకీ ఒకటే ఎడం. అన్నీ ఒకే రకం ప్లాస్టిక్ కుర్చీలు. గొట్టం పక్కగా, క్యాంటీన్ దాకా వెయ్యి.”

కూర్మారావు ఆమె మొహంలోకి చూశాడు. అతనికి అర్థమైంది. “కుర్చీలు సరే. మరి మనుసుల్ని ఎలాగ లేపుతారు?”

దానికి జవాబు క్యాంటీన్ నడిపే పైడితల్లి దగ్గర ఉంది.

నెలాఖరు రోజు వచ్చింది. పందిరి నిండా జనం. గేటు దగ్గర గొట్టానికి మామిడి తోరణం, రిబ్బను. గవర్రాజుగారు మెడల్స్ పెట్టుకుని నిలబడ్డారు. దూరంగా ఆకాశంలో టపటప వినబడింది. సరిగ్గా అప్పుడు క్యాంటీన్ వెనక చింతచెట్ల కింద నుంచి పైడితల్లి గొంతు మైకు అక్కర్లేకుండా వినబడింది.

“వేడి వేడి బజ్జీలు! మైసూర్ పాకం! ఎనకొచ్చినోళ్ళకి ఉండవు, నన్నడక్కండి!”

సంస్థ చరిత్రలో సిబ్బంది అంతా ఒక్క మాట మీద నడవడం అదే మొదటిసారి. పిల్లలు పూలబుట్టలతో సహా పరుగెత్తారు. పందిట్లో డైరెక్టరుగారు, ఉమాకాంతంగారు, కమిటీ సభ్యులు మాత్రం మిగిలారు. వాళ్ళ బజ్జీలు ప్లేటుల్లో విడిగా వస్తాయని వాళ్ళకి తెలుసు. హైమవతి చింతచెట్టు మొదట్లో నిలబడి ఆఖరి పిల్ల కూడా వచ్చేదాకా చూసి, ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది.

హెలికాప్టర్ దిగింది.

ముందు తోరణం పోయింది. తర్వాత పందిరి గొడుగులా తిరగబడి సైకిల్ స్టాండ్ మీద కూర్చుంది. హైమవతికి కప్పవలసిన శాలువా మెట్లెక్కినట్టు ఒక్కొక్క అంతస్తే పైకి పోయి కంటికి కనబడకుండా పోయింది. మొదటి వరుస కుర్చీలు లేచి రెండో వరుస మీద పడ్డాయి, రెండోది మూడోదాని మీద. డైరెక్టరుగారు, కమిటీ సభ్యులు తివాచీని రెండు చేతులా పట్టుకుని బోర్లా పడుకున్నారు. గేటు దగ్గర మాత్రం ఇంకో వింత. నేల మీద పాకుతూ వచ్చిన గాలి గేటు పక్క ప్రహరీకి కొట్టుకుని వెనక్కి మళ్ళి, నోరు తెరుచుకుని ఉన్న గుడ్డ గొట్టంలోకి దూరింది. గొట్టం బుసకొట్టి, కుచ్చులు ఊపుకుంటూ, గేటు నుంచి వెనక్కి, సైకిల్ స్టాండ్ దాటి, కిటికీ కింద నుంచి, క్యాంటీన్ ముందు నుంచి, సొరంగం దాకా ఉబ్బుకుంటూ పోయింది.

“లోపలికి!” గవర్రాజుగారు టోపీ పట్టుకుని అరిచారు. “లోపలికి వస్తున్నాయి! దారివ్వండి!”

కూర్మారావు సొరంగంలోంచి పరుగెత్తుకొచ్చాడు. “మేడమ్! మన బుల్లి రోటరు తిరుగుతున్నాది! మోటారు ఏయలేదు, కరెంటు లేదు, దానంతటది తిరుగుతున్నాది!”

కానీ హైమవతి అటు చూడడం లేదు. ఆమె కుర్చీలు చూస్తోంది. వరుస తర్వాత వరుస పడుకుంటూ వచ్చి ఒకచోట ఆగాయి. ఒక వరుసలో కుర్చీలు కాస్త ఊగి, మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాయి. దాని వెనక వరుస కదలనే లేదు. “కూర్మారావూ, అక్కడ. ఆ వరుస. టేపు పట్టుకో” అంది.

ఛైర్మన్‌గారు దిగి, బోర్లా పడుకున్న అధికారులను చూసి చలించిపోయారు. “ఎన్నో సంస్థలు చూశాను. ఇంత గౌరవం ఎక్కడా చూడలేదు” అన్నారు.

పైలట్ మాత్రం ఎర్రబడ్డ మొహంతో దిగాడు. “ఇంత దగ్గర పందిరి వేయించిన మహానుభావుడు ఎవడు?”

హైమవతి అతని దగ్గరికి వెళ్ళి ఒక చిన్న కాగితం ఇచ్చింది. దాని మీద ఒక అంకె, దాని కింద ఒక వాక్యం ఉన్నాయి. జనం ఇంతకన్నా దగ్గర ఉంటే దిగవద్దు.

అతను చదివాడు. “మేం వచ్చే వారమే వరద డ్యూటీకి వెళ్తున్నామండీ. ఇది మాకెవరూ చెప్పలేదు. నేను తీసుకెళ్ళొచ్చా?”

ఆమె భయంగా గవర్రాజుగారి వైపు చూసింది. కాగితం సంస్థది, అంకె సంస్థలో తయారైంది. గవర్రాజుగారు కాగితం చూశారు, పిల్లల్ని చూశారు, పడి ఉన్న కుర్చీల్ని చూశారు. “ఆయన గేటులోంచి పోవడం లేదు కదండీ. ఆకాశం నా డ్యూటీ కాదు” అన్నారు.

ఆ సాయంత్రమే విచారణ జరిగింది. బయటి నుంచి భారీ ఎత్తున సుడులు మెయిన్ గేటు ద్వారా, నిర్దేశిత మార్గంలో, సంస్థలోకి ప్రవేశించినట్టు గవర్రాజుగారు సాక్ష్యం చెప్పారు. ఎడమవైపే తిరుగుతున్నాయా అని ఉమాకాంతంగారు అడిగారు. ఎడమవైపే అన్నారు గవర్రాజుగారు. పోయినప్పుడు చిన్నవి, వచ్చినప్పుడు పెద్దవి, ఇదెలా అని కమిటీ సభ్యుడొకరు అడిగితే, “బయట తిరిగితే ఎదుగుతారండీ, మా పల్టన్‌లో కుర్రాళ్ళూ అంతే” అన్నారు. కమిటీ తృప్తి పడింది. సుడులు గడువు రోజునే తిరిగి చేరినవి. డైరెక్టరుగారు మోకాళ్ళకి మందు రాయించుకుంటూనే విడుదల ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

హైమవతి సంచీ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, అంతే. గేటు అవతల ఆటోలో వకుళ కూర్చుని, “రావేం?” అన్నట్టు చెయ్యి ఊపుతోంది. ఇక్కడ చేరిన రోజు ఈ గేటు దాటడానికి ఆమె ఎంత భయపడిందో ఇప్పుడూ అంతే భయపడింది. కూర్మారావు సొరంగం మెట్ల మీదే ఉండిపోయాడు, రాలేదు. వస్తే ఏడుస్తానని ముందే చెప్పాడు.

గవర్రాజుగారు ఫారం ముందుకు జరిపారు. ఆయన మొహంలో మొదటిసారి ఇబ్బంది కనబడింది. “సర్వీసులో ఉన్న మనిషి ఆఖరిసారి బయటికి పోతుంటే కూడా పాస్ కావాలండి. సర్క్యులర్‌లో మినహాయింపు లేదు. నేనే రాశాను.”

వస్తువు పేరు దగ్గర ఆయనే ‘చింతలపాటి హైమవతి’ అని రాసి ఉంచారు. స్థితి దగ్గర ‘మంచిది’ అని రాశారు. కింద ఆ ప్రశ్న. తిరిగి వచ్చునవా? తిరిగి రానివా?

ఆమె రెండోదాని దగ్గర కలం పెట్టబోయింది.

“అది వద్దండీ మేడమ్.” ఆయన గొంతు తగ్గించారు. “అది పెడితే ఎందుకూ పనికిరారని సంఘం తేల్చాలి. ఆ మాట రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టనండి.”

హైమవతి ‘తిరిగి వచ్చునది’ దగ్గర టిక్కు పెట్టింది. ఎప్పటికి అన్నచోట ఏమీ రాయకుండా కలం కింద పెట్టింది. గవర్రాజుగారు ఏ పాస్ మీదా ఒక్క గడీ ఖాళీగా పోనివ్వని మనిషి. ఆ ఖాళీ గడి మీదే సీలు కొట్టి, కాగితం చింపి ఆమె చేతిలో పెట్టి, సెల్యూట్ చేశారు.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి వారంలో వకుళ ఇంటికి సంస్థ నుంచి ఒక కవరు వస్తుంది. అందులో ఎప్పుడూ ఒకటే మెమో. “తిరిగి రావలసియున్న మీరు ఇంతవరకు తిరిగి చేరలేదని గమనించడమైనది. తక్షణమే చేరవలసినదిగా ఆదేశించడమైనది.”

“ఏమిటే అక్కా, వీళ్ళ పిచ్చి? చింపి పారెయ్యనా?” అంటుంది వకుళ ప్రతిసారీ.

“ఉండనీవే” అంటుంది హైమవతి. కళ్ళజోడు తుడుచుకుని, దాన్ని ఇంకోసారి చదువుకుని, తలగడ కింద పెట్టుకుంటుంది.